ఫోన్‌తో కుక్క, పిల్లి ఈసీజీ తీసే ముందు

ముందు ఫోన్‌ని ఛార్జర్ నుంచి తీసేయండి, లేకపోతే కరెంటు లైను వల్ల వచ్చే వణుకు ఈసీజీ గీతలో కలిసిపోతుంది.

ఎడమ మోచేయి వెనక, గుండె చప్పుడు చేతికి బాగా తెలిసేచోట బొచ్చు పాయ తీసి జెల్ గానీ స్పిరిట్ గానీ రాసి, ఫోన్‌తో వాడే ఈసీజీ పరికరం మీది రెండు లోహపు పలకలూ చర్మానికి ఆనేలా పెట్టాలి (పుండు ఉన్నచోట స్పిరిట్ వద్దు, మండుతుంది పాపం). పొడి బొచ్చు మీద పెడితే వచ్చేది పిచ్చిగీతలే. మీ వేలు పలకకి తగిలితే మీ గుండె గీత కూడా కలుస్తుంది, అందుకే అంచులు మాత్రమే పట్టుకోండి.

పిల్లి గుర్రుమంటున్నా, కుక్క రొప్పుతున్నా, వణుకుతున్నా ఆగండి. కాస్త శాంతించాక కనీసం 30 సెకన్లు తీయండి, ఒకటి సరిగా రాకపోతే ఇంకోటి.

అసలు సంగతి ఇక్కడుంది: ఈసీజీ చదివి తీర్పు చెప్పే ఫోన్ యాప్ సాధారణంగా మనుషుల కోసం రాసింది. పిల్లి గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకోవడం మామూలే, యాప్ మాత్రం వేగం ఎక్కువంటుంది. కుక్కకి ఊపిరితో పాటు లయ పెరిగి తగ్గడం చాలాసార్లు సహజమే అయినా దాన్నీ తప్పుగా చూపించవచ్చు. కాబట్టి ఆ తీర్పు చూసి టెన్షన్ పడకండి, 'నార్మల్' అన్నా నమ్మి ఊరుకోకండి. గీతని పశువైద్యుడికి పంపండి. గుండె గదులు పెద్దవయ్యాయా అన్నది ఈ ఒక్క గీతతో తేలదు.

సొమ్మసిల్లినా, ఊపిరాడక ఎగపోస్తున్నా రికార్డింగ్ అంటూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.