క్వయర్ నడపడం – 5వ పాఠం: పాట ఆపితే ఏం చెప్పాలి?

పోయిన పాఠంలో ఊపిరి గురించి చెప్పుకున్నాం. పాట ఎత్తుకునే ముందు మీరు గాలి ఎలా పీలిస్తే పాడేవాళ్లూ అలాగే పీలుస్తారని, పాట వేగం అక్కడే తేలిపోతుందని చూశాం. ఈ వారం ప్రాక్టీస్‌లో పాటను మధ్యలో ఆపడం నేర్చుకుందాం.

మా చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం, నాకు అప్పగించిన మొదటి ఏడాది, క్రిస్మస్ ముందు ఒకరోజు ప్రాక్టీస్ మొత్తం ఫోన్‌లో రికార్డు చేసి ఇంటికెళ్లి విన్నాను. పాట కంటే నా మాటలే ఎక్కువున్నాయి. "మళ్లీ ఒకసారి", "ఇంకొంచెం బాగా", "ఫీల్ రావాలి". మధ్యలో ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడే ఒక ఆంటీ "ఎక్కడ తప్పిందమ్మా?" అని మెల్లగా అడిగారు. ఆ రోజు ఆ ప్రశ్న నా చెవిన పడనే లేదు. పగలంతా పనిచేసుకుని, రాత్రి ఏడింటికి పాట మీద ప్రేమతో వచ్చిన మనిషికి నేను జవాబు బాకీ పడ్డాను.

అప్పటినుంచి పాట ఆపితే మూడే మాటలు చెబుతాను: ఎవరు, ఎక్కడ, ఏం మార్చాలి. "టెనర్లు, రెండో చరణం మూడో లైను, చివరి స్వరం ఇంకో తాళం దెబ్బ పట్టుకోండి." (టెనర్లంటే మగవాళ్లలో పై గొంతు పాడేవాళ్లు.) అంతే. వెంటనే శ్రుతి ఇచ్చి, ఒక లైను వెనక నుంచి ఎత్తుకుంటాం. తప్పేమిటో మీకే స్పష్టంగా తెలియకపోతే ఆపొద్దు, ఇంకోసారి పాడించి వినండి. ఒక్కసారి జారిన స్వరాన్ని చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు. అదే చోట రెండోసారీ జారితే అప్పుడు ఆపండి.

ఇలా వినాలంటే మీరు వాళ్లతో కలిసి పాడకూడదు. ఇది చాలా కష్టమైన అలవాటు. మీరు పాడుతున్నంతసేపు మీకు వినిపించేది మీ గొంతే.

'శుద్ధరాత్రి' (ఇంగ్లిష్‌లో 'సైలెంట్ నైట్' అనే క్రిస్మస్ పాట) తీసుకుందాం. యోసెఫ్ మోర్ రాసిన జర్మన్ మాటలకు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టగా, 1818 క్రిస్మస్ ముందురోజు ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటారు తోడుగా మొదటిసారి పాడారు. అంత తక్కువ వాద్యంతో పుట్టిన పాట కదా, మీరూ కీబోర్డు ఆపేసి గొంతులతోనే ప్రాక్టీస్ చేయించండి. చరణం అయ్యాక 'స' ఒక్కసారి నొక్కండి. శ్రుతి దిగిందో లేదో అందరికీ తెలుస్తుంది, మీరు చెప్పనక్కర్లేదు.

దిగితే ఎక్కడ దిగింది? మొదటి మాటలోనే చూడండి. ప ద ప అని వచ్చి గాంధారం ('గ') మీద నిలుస్తాం. నిలిచే అక్షరం 'త్రి'. ఆ ఇకారం దగ్గర పెదాలు సాగి, దవడ బిగుసుకుని, గాంధారం కాస్త కిందికి జారుతుంది. "శ్రుతి చూసుకోండి" అంటే వాళ్లకు టెన్షన్ పెరగడం తప్ప ఫలితం ఉండదు. "అందరూ, 'త్రి' దగ్గర దవడ వదలండి, 'ఆ' అన్నప్పుడు ఉన్నంత చోటు నోట్లో ఉంచి 'ఇ' పలకండి" అనండి. తేడా వెంటనే వినిపిస్తుంది.

ముగింపు కూడా మన భాషలో వేరు. ఇంగ్లిష్ పాటలో 'నైట్' అంటే చివరి 'ట్' అందరూ ఒకేసారి పలికితే చాలు, ముగింపు తెలిసిపోతుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి, మీరు చేయి స్పష్టంగా మూసి ముగింపు చూపకపోతే ఒక్కొక్కరు ఒక్కోచోట వదిలేస్తారు. గొంతు నొక్కి ఆపకుండా, మీ చేతితో పాటు గాలి ఆపమని నేర్పండి.

పాట చివర్లో సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతు) తార స్థాయి మధ్యమం, అంటే పై 'స' దాటాక వచ్చే 'మ', అందుకోవాలి. అక్కడ పదేపదే పాడించి గొంతులు అలసిపోనివ్వకండి. నేర్చుకునేటప్పుడు శ్రుతి తగ్గించి పాడించండి, పండుగ దగ్గర పడ్డాక అసలు శ్రుతికి తీసుకెళ్లండి.

ఈ వారం అభ్యాసం: ఒక ప్రాక్టీస్ మొత్తం రికార్డు చేయండి. పాట ఆపిన ప్రతిచోటా మీరు ఏమన్నారో కాగితం మీద రాసుకోండి. వాటిలో ఎవరు, ఎక్కడ, ఏం అన్న మూడూ లేని మాటల్ని, ఆ మూడూ వచ్చేలా తిరగరాయండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే ప్రాక్టీస్‌కి వెళ్లండి.