పొత్తులో గెలిచిన పంచాయతీని ఐదేళ్లు నడిపించుకోవడం ఎలా

తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికల తర్వాత నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సర్పంచ్ ఒక పార్టీ మనిషి, ఉప సర్పంచ్ మిత్రపక్షం మనిషి అయిన ఊళ్లు కనిపిస్తాయి. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు కనుక చట్టం దృష్టిలో ఇక్కడ కూటమి అనేదే లేదు. ఇలా ఓటు వేయండని పార్టీ ఆదేశించే విప్ లేదు, ఫిరాయింపు నిషేధమూ లేదు. ఊళ్లో మాత్రం ఎవరు ఎవరి మనిషో బడి పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఈ పొత్తును కాపాడుకునే భారం పూర్తిగా ఆ రెండు పార్టీల గ్రామ, మండల నాయకుల మీదే పడుతుంది. మన దగ్గర పంచాయితీ అంటే తగవు అనే అర్థం కూడా ఉంది, ఆ మాట ఊరికే పుట్టలేదు. అటువంటి తగవుల్లో మధ్యవర్తిగా కూర్చుని, కొన్నిసార్లు తప్పులు కూడా చేసిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

మొదట చూసుకోవలసినది సంతకం సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి జాయింట్ చెక్ పవర్ ఇచ్చింది. ఒకరు సంతకం పెట్టి మరొకరు పెట్టకపోతే బిల్లు అక్కడే ఆగుతుంది. ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా ఇది ఇబ్బందే. పార్టీలు వేరైనప్పుడు ఉప సర్పంచ్ చేతిలో ఉండే ఒకే ఒక్క ఆయుధం ఇదే అవుతుంది. ఆ ఆయుధం బయటికి తీసేది బిల్లు ఎంతన్నది చూసి కాదు, తనకు దక్కిన మర్యాదను చూసి.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఎండాకాలంలో మంచినీళ్ల బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించి దింపారు, కానీ మెకానిక్‌కు డబ్బులు ఇవ్వలేదు కనుక నాలుగు రోజులకే మళ్లీ కాలిపోయినప్పుడు అతను రానన్నాడు. సర్పంచ్ సంతకం పెట్టిన చెక్కు ఉప సర్పంచ్ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్ వెనక ఉంది. నేను వెళ్లి అడిగితే ఆయన కోపంగా కూడా మాట్లాడలేదు: “మోటరు బిల్లుకు నేనేం అడ్డం గాను సారూ. సీసీ రోడ్డుకు కొబ్బరికాయ గొట్టిన్నాడు నన్నెందుకు పిలువలేదో ముందుగాల గది చెప్పమనుండ్రి.” అంతకు ముందు నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఊళ్లోకి దిగగానే నేరుగా సర్పంచ్ ఇంటికి వెళ్లి చాయ్ తాగి, ఆ తర్వాత ఈయన దగ్గరికి వచ్చాను. అది కూడా ఆయన లెక్కలో రాసుకున్నాడు. చివరికి ఇద్దరినీ బడి వరండాలో కూర్చోబెట్టాక ఆ చెక్కు కదిలింది. అప్పటిదాకా ఊరు ట్యాంకర్ నీళ్లతో గడిపింది.

ఇటువంటిది మీ ఊళ్లో జరగకుండా ఉండాలంటే, వీలైనంత వరకు ప్రమాణ స్వీకారం జరిగిన మొదటి నెలలోనే, ఇంకా అందరూ దండలు వేసుకుని నవ్వుతూ ఉన్నప్పుడే, ఒక ఒప్పంద పత్రం రాసుకోవాలి. దానికి చట్టబద్ధత ఉండదు, పాలకవర్గ సమావేశంలో చేసిన తీర్మానమే చెల్లుతుంది. అయినా రెండు పార్టీల మండల నాయకులు సాక్షి సంతకం పెట్టిన కాగితానికి ఊళ్లో విలువ ఉంటుంది. అందులో మొదటి అంశంగా, ప్రశ్న లేకుండా సంతకం చేయవలసిన ఖర్చులేమిటో పేరు పేరునా రాయండి: మోటారు మరమ్మతు, వీధి దీపాలు, బ్లీచింగ్ పౌడర్, పారిశుధ్య కార్మికుల జీతాలు, ట్రాక్టర్ డీజిల్. డీజిల్ దగ్గర ఒక పరిమితి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే పంచాయతీ ట్రాక్టర్ ఎవరి పొలం గట్టు మీద కనిపించిందన్న విషయంపై చెడిపోయిన స్నేహాలు నాకు తెలుసు. మిగతా బిల్లులకు గడువు రాసుకోవాలి. బిల్లు చేతికి వచ్చిన మూడు రోజుల్లో సంతకమైనా పెట్టాలి, అభ్యంతరం ఏమిటో కాగితం మీద రాసైనా ఇవ్వాలి. నోటితో చెప్పిన అభ్యంతరం రోజుకో రకంగా మారుతుంది, రాసిన అభ్యంతరానికి ఒక అంతు ఉంటుంది.

శిలాఫలకం, ఫ్లెక్సీ, వేదిక మీద కుర్చీ, కొబ్బరికాయ వంటి వాటిని చిన్న విషయాలని కొట్టిపారేయకుండా ఒప్పందంలో చేర్చండి. శంకుస్థాపనకు ఒక రోజు ముందు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి. చదివినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పనుల పంపకం మాత్రం రాయకండి, చేయకండి. సీసీ రోడ్డు మీకు, డ్రైనేజీ మాకు అనే లెక్కన కట్టిన పొత్తు మొదటి బిల్లు ఆలస్యమైన నాడే పగులుతుంది. చేసిన పనుల బిల్లులు నెలల తరబడి రాకపోవడం మన సర్పంచ్‌లకు కొత్త కాదు. తేదీ వేయని రాజీనామా లేఖ రాయించుకుని జేబులో పెట్టుకోవడం ఇంకొక చెడ్డ అలవాటు. రెండున్నరేళ్లు మీరు, రెండున్నరేళ్లు మేము అనే మాట ఉప సర్పంచ్ పదవికి సాధ్యమే కానీ, ఓటర్లు నేరుగా ఎన్నుకున్న సర్పంచ్ పదవికి అది ఆచరణలో కుదరదు. చెరువుగట్టు గుడి దగ్గరనో కురుమూర్తి గుట్ట మీదనో ప్రమాణం చేయించుకున్నంత మాత్రాన కుదరనిది కుదిరిపోదు.

ఒప్పందంలో వాడే భాష గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద పొత్తులు కూడా ఇక్కడే దెబ్బతిన్నాయి. 2004లో కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసిన టీఆర్ఎస్ 26 మంది ఎమ్మెల్యేలు, 5 మంది ఎంపీలతో రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ప్రభుత్వాల్లో చేరింది. కేంద్రంలో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ కూటమి కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ గురించి రాసింది ఒక్క వాక్యమే: తగిన సమయంలో, తగిన సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం వచ్చాక పరిశీలిస్తామని. తగిన సమయం ఎప్పుడో, ఏకాభిప్రాయం వచ్చిందని ఎవరు నిర్ణయిస్తారో అందులో లేదు. టీఆర్ఎస్ మంత్రులు 2005లో రాష్ట్ర మంత్రివర్గం నుంచి, కేసీఆర్ 2006 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. దీనికి భిన్నంగా, 2023 ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసిన సీపీఐకి కొత్తగూడెం సీటు దక్కింది, గెలిచింది. శాసనమండలిలో అవకాశం ఇస్తామన్న మాట కూడా ఆలస్యంగానైనా 2025 మార్చిలో మన నల్లగొండ జిల్లాకు చెందిన నెల్లికంటి సత్యం ఎమ్మెల్సీ కావడంతో కొంతవరకు నెరవేరింది. లెక్కపెట్టగలిగిన హామీని అడగడం, దాటేయడం రెండూ కష్టం కాదు, కానీ దాటేస్తే అందరికీ తెలిసిపోతుంది. కనుక మీ పత్రంలో ‘సముచిత ప్రాధాన్యం’, ‘తగిన గౌరవం’ అనే మాటలు కనిపిస్తే కొట్టేసి, వాటి స్థానంలో ఏ పదవి, ఏ నెల, ఎవరి బాధ్యత అని రాయండి.

రాసుకోని విషయం ముందుకు వచ్చినప్పుడు ఏం చేయాలన్నదీ ముందే అనుకోవాలి. 2004లో ఒకే పొత్తు కింద నల్లగొండ నుంచి సీపీఐ అభ్యర్థి సురవరం సుధాకర్ రెడ్డి, పక్కనే ఉన్న మిర్యాలగూడ నుంచి కాంగ్రెస్ అభ్యర్థి ఎస్. జైపాల్ రెడ్డి లోక్‌సభకు వెళ్లారు. ఉమ్మడి కార్యక్రమంలో లేని అమెరికా అణు ఒప్పందం మీద వామపక్షాలు 2008 జులైలో యూపీఏ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నాయి. జులై 22న విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 275–256 ఓట్లతో నెగ్గిన రోజున మన జిల్లా కలిసి గెలిపించిన ఆ ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు. అంతకు ముందు కమిటీలు వేశారు, చర్చలు జరిగాయి. కానీ తేలేవరకు అడుగు ముందుకు వేయకూడదన్న మాట మీద ఇద్దరికీ నిలకడ కుదరలేదు. పంచాయతీలో ఇందిరమ్మ ఇళ్ల జాబితా, ధాన్యం కొనుగోలు కేంద్రం స్థలం, వైన్ షాపు వంటివి ఇలాగే ఊడిపడతాయి. రాసుకోని విషయంపై ఇద్దరూ కూర్చునే దాకా తీర్మానం పెట్టకూడదని ఒక వాక్యం చేర్చుకుంటే, కూర్చోవడానికి వారం గడువు కూడా పెట్టుకుంటే సరిపోతుంది.

కూర్చునే చోటు ఎవరి ఇల్లూ కాకూడదు. పార్టీకి ఇద్దరు చొప్పున నలుగురు చాలు, ఎనిమిది మంది అయితే అది సభ అవుతుంది. నెలకొకసారి, తగవు ఉన్నా లేకపోయినా, పాలకవర్గ సమావేశానికి రెండు రోజుల ముందు కలవాలి; తగవు వచ్చినప్పుడే కలిసే అలవాటు ఉంటే కలవడమే తగవుగా మారుతుంది. చిన్న పార్టీకి బహిరంగంగా విమర్శించే హక్కు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ముందు ఈ నలుగురి దగ్గర చెప్పి, వినకపోతేనే బయట మాట్లాడాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో రాత్రి పది దాటాక పెట్టే మెసేజ్‌లకు ఏ పార్టీ బాధ్యత వహించదని కూడా అనుకోండి, లేకపోతే తెల్లవారేసరికి మీకు పని పడుతుంది.

పై స్థాయిలో పొత్తు తెగినప్పుడు ఊళ్లో ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికలో సీపీఐ, సీపీఎం మద్దతుతో టీఆర్ఎస్ 10,309 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ 2023 ఆగస్టులో ప్రకటించిన 115 మంది అభ్యర్థుల జాబితాలో, మునుగోడుతో సహా, వామపక్షాలకు ఒక్క స్థానం కూడా వదలలేదు. ఏడాది కూడా కాకముందే మిత్రులు ప్రత్యర్థులయ్యారు, అప్పటిదాకా ఒకే జీపులో తిరిగిన కార్యకర్తలు ఎదురెదురుగా నిలబడ్డారు. మీ ఒప్పంద పత్రంలో అందుకే ఒక అంశం ఉండాలి: పైన పొత్తు తెగినా ఇక్కడ నిత్యావసర ఖర్చుల సంతకాలు ఆగవని. పార్టీ పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. ఆ మాట వాళ్లతో ముందుగానే మాట్లాడి ఉంచడం గ్రామ నాయకుడి పని.

విడిపోక తప్పదనుకుంటే విడిపోవడానికి కూడా ఒక వరుస ఉంటుంది. ముందు పెండింగ్ బిల్లుల జాబితా రాసి, అభ్యంతరం లేనివాటిపై ఇద్దరూ సంతకాలు పూర్తి చేయాలి. కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు మొదట. తీర్మానాల పుస్తకం, ట్రాక్టర్ తాళాలు పంచాయతీ కార్యదర్శికి అప్పగించి రసీదు తీసుకోవాలి. ప్రెస్ మీట్ ఆ తర్వాతి రోజు పెట్టుకోవచ్చు.