డెస్క్ కొట్టేసిన వాక్యం దగ్గర కథ వెతకండి

ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో 19 ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. అందులో ఎక్కువ కాలం కర్నూలులోనే. సాయంత్రం అయిదు నుంచి మండలాల వార్తలు వచ్చి పడుతుండేవి. ఇరవై లైన్లది ఎనిమిది లైన్లకు తేవాలి, హెడ్డింగ్ పెట్టాలి, టైముకు పేజీ వదలాలి. కథలు రాయడం చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు ఫోన్ చేసి "ప్లాట్ దొరకడం లేదు సార్, పేపర్లో చూద్దామంటే అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. వార్త చదివేటప్పుడు, ఇందులో డెస్క్ వాళ్లు ముందుగా ఏ వాక్యం కొట్టేస్తారో చూడండి. అక్కడ ఆగండి.

ఈ మాట నాకు ఒక కంట్రిబ్యూటర్ వల్ల, అంటే మాకు స్థానిక వార్తలు రాసి పంపే ఒక విలేకరి వల్ల తెలిసింది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచేశాయి. శ్రీశైలానికి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారమంతా మా పేజీల్లో అంకెలే. ఎన్ని ఇళ్లు, ఎన్ని క్వింటాళ్ల బియ్యం, ఎన్ని పొట్లాలు. నీళ్లు తీశాక, బజారులో దుకాణదారుల నష్టం గురించి ఒక కంట్రిబ్యూటర్ వార్త పంపాడు. అందులో చివరి వాక్యం ఇది: "ఒక దర్జీ కస్టమర్లు ఇచ్చిన జాకెట్ గుడ్డలన్నీ రోడ్డు డివైడర్ మీద ఆరేసి, కొలతల పుస్తకం తడిసిపోవడంతో ఏది ఎవరిదో తెలియక పక్కనే కూర్చున్నాడు."

స్థలం చాల్లేదు. తీసేశాను. మర్నాడు ఉదయమే ఫోన్.

"ఏం సార్, ఆ టైలర్ మాట తీసేసినారే?"

స్థలం లేదన్నాను.

"దానికోసమే సార్ నేను ఆ వార్త రాసింది" అన్నాడు.

ఆ గొంతు నన్ను చాలా రోజులు వదల్లేదు. నాలుగేళ్ల తర్వాత కథ రాద్దామని కూర్చుంటే, వరదలో నేను దిద్దిన వందల వార్తల్లో ఒక్కటీ గుర్తు రాలేదు, ఆ డివైడర్ మీద గుడ్డలు తప్ప.

ఆ ఒక్క వాక్యం నుంచి కథ దాకా ఎలా వెళ్లానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. ముందు వరద గురించి ఒక్క ముక్కా రాయకూడదనుకున్నాను. దర్జీ పని గురించి తెలుసుకోవాలి. మా వీధి చివర మిషన్ కుట్టే ఆయన దగ్గర మూడు సాయంత్రాలు కూర్చున్నాను. గుడ్డ తీసుకోగానే మూలన గుండుసూదితో బిల్లు ముక్క గుచ్చుతాడు. పాత కస్టమర్లయితే ఆది జాకెట్టు ఇచ్చి పోతారు. కొలతల పుస్తకంలో పేరు పక్కన భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు. నేను అడిగాను: "ఈ పుస్తకం పోతే ఏం చేస్తావు?" ఆయన నవ్వి, "మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే పుస్తకం ఎందుకు సార్? పేర్లు మర్చిపోతా గానీ భుజాలు మర్చిపోను" అన్నాడు.

అంతే, నాకు కథ దొరికింది. తడిసిన గుడ్డలు వెతుక్కోవడానికి ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. ఆకుపచ్చ అంచు పట్టుగుడ్డ ఒకటి మాదంటే మాదని ఇద్దరు పట్టుకుంటారు. అది ఎవరిదో దర్జీకి వాళ్ల భుజాలు చూడగానే తెలిసిపోతుంది. రెండో ఆమె అబద్ధం ఎందుకు చెబుతోందో కూడా అర్థమవుతుంది, వరదలో ఆమె ఇంట్లో కట్టుకోవడానికి గుడ్డే మిగల్లేదు. ఇప్పుడు అతను ఎవరి కొలతలకు కుడతాడు? నేను రాసిన కథంతా ఆ రాత్రి అతను కత్తెర పట్టుకుని కూర్చున్న రెండు గంటలే.

కాబట్టి వార్తలో ఒక వివరం మిమ్మల్ని పట్టుకుంటే, వెంటనే కథ మొదలుపెట్టకండి. ఆ వివరం ఏ పనికి చెందిందో ఆ పని చేసే మనిషి దగ్గరకు వెళ్లండి. వార్తలో ఉన్న మనిషి దగ్గరకు మాత్రం వద్దు. ఆయన కష్టంలో ఉన్నాడు, మన కథ కోసం ఆయన గుమ్మం తొక్కే హక్కు మనకు లేదు. అదే పని చేసే ఇంకొకరు మీ వీధిలోనే ఉంటారు.

ఇక పేపర్లో ఎక్కడ చూడాలి. మొదటి పేజీ నాకు ఎప్పుడూ పెద్దగా ఉపయోగపడలేదు. దాని మీద అప్పటికే అందరూ మాట్లాడేసి ఉంటారు. జిల్లా పేజీల్లో సింగిల్ కాలమ్ వార్తలు, క్లాసిఫైడ్స్, వేలం నోటీసులు, శ్రద్ధాంజలి ప్రకటనలు చూడండి. ముఖ్యంగా "కనబడుట లేదు" ప్రకటనలు. ఒకసారి అలాంటి ప్రకటనలో ఇలా ఉంది: వయసు 68, చామనఛాయ, తెల్ల పంచె, బిస్కెట్ రంగు చొక్కా, చొక్కాకు రెండో గుండీ లేదు.

ఆ గుండీ దగ్గర ఆగండి. ప్రకటనకు డబ్బు లైన్ల లెక్కన కట్టాలి. అయినా గుండీ సంగతి రాయించారంటే ఇంట్లో ఎవరికో అది బాగా గుర్తుందన్నమాట. ఎవరికి? కోడలికి అనుకుందాం. ఆయన వారం రోజులుగా "అమ్మా, ఈ గుండీ కాస్త కుట్టి పెట్టు" అంటున్నాడు, ఈమెకు తీరిక దొరకలేదు. ఇప్పుడు ప్రకటన రాయించే టేబుల్ దగ్గర మొగుడు అన్నీ చెబుతుంటే, ఆమె మెల్లగా "రెండో గుండీ లేదని రాయండి" అంటుంది. ఎలా తెలుసని అతను అడగడు. ఆయన దొరికాడా లేదా అన్నది రాయకపోయినా కథ నిలబడుతుంది.

బంగారం తాకట్టు వేలం నోటీసులు కూడా అంతే. చిన్న అక్షరాల్లో పేర్లు, లోన్ నంబర్లు. ఒకే పేరు మూడుసార్లు కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. మూడు సార్లు, మూడు అవసరాలు. జత గాజుల్లో ఒకటి ఒక లోన్‌లో, రెండోది ఇంకో లోన్‌లో ఉందేమో. మొదటిది పెట్టినప్పుడు రెండోదైనా చేతికి ఉంచుకుందామనుకుందేమో.

పెద్ద వార్తలు అసలు పనికిరావని కాదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయల దాకా వెళ్లినప్పుడు లక్షలు సంపాదించిన రైతుల వార్తలు రోజూ వచ్చాయి. వాటి పక్కనే, తోటలకు రాత్రిళ్లు కాపలా ఉంటున్నారని ఒక చిన్న మాట. నేనైతే ఆ కాపలా పడుకున్న వాడి దగ్గరకు వెళ్తాను. నిరుడు ఇదే పంటను రోడ్డు పక్కన పారబోసింది వాడే. ఇప్పుడు టార్చి లైటు పట్టుకుని దేనికి కాపలా కాస్తున్నాడు, ఎవరిని చూసి భయపడుతున్నాడు?

పద్ధతి గురించి కొంచెం. నాది లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీలో కత్తిరించిన ముక్క గమ్‌తో అతికించి తేదీ వేస్తాను. కుడి పేజీలో మూడే వాక్యాలు: నన్ను పట్టుకున్న వివరం ఏది, అది ఎవరికి తెలుసు, ఆ మనిషి ముందురోజు ఏం చేస్తున్నాడు. ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలదా అంటే, నాకు చాల్లేదు. గ్యాలరీలో పడింది మళ్లీ చూడం. మూడు నెలలు ఆ పేజీ ముట్టుకోను. అప్పటికీ ఆ వివరం చదవగానే మనసు కదిలితే మొదలుపెడతాను. చాలా వాటికి కదలదు. నా దగ్గర పదకొండు నోట్‌బుక్‌లున్నాయి, వాటిలోంచి వచ్చిన కథలు 26.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. పేరు, ఊరు, కులం, పని, వయసు, వీటిలో కనీసం మూడు మార్చండి. ఆ ఇంటివాళ్లు చదివినా "ఇది మనదే" అనుకోకూడదు. లైంగిక దాడి కేసుల్లో బాధితుల వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. అలాంటి వార్తను నేను నోట్‌బుక్‌లో అతికించను కూడా. ఆత్మహత్య వార్తలైతే ఏడాది దాటాక గానీ వాటి వైపు చూడను. ఆ ఇంట్లో ఇంకా ఏడుస్తుంటే, నేను వాక్యం అందంగా ఉందా లేదా అని చూసుకోవడం నావల్ల కాదు.

మరో సంగతి. ఒకే వార్త ఏటా వస్తుంటే వదిలేయకండి. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. వానాకాలంలో నీళ్లు పెరిగి మళ్లీ మునుగుతుంది. బయటపడ్డప్పుడు ఒక వార్త, పూజారి చివరి హారతి ఇచ్చినప్పుడు ఒక వార్త. డెస్క్‌లో ఉన్నప్పుడు నిరుటి హెడ్డింగే అటూ ఇటూ మార్చి పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ ముక్కలన్నీ వరుసగా అతికిస్తున్నాను. ఆరేళ్లవి చేరాయి. ఆ ప్రాజెక్టు కింద గుడి ఒక్కటే మునగలేదు, చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే మునిగాయి. ఈసారి ఫొటోలో గుడి ముందు జనమంతా దండం పెడుతుంటే, ఒక ముసలాయన మాత్రం వెనక్కి తిరిగి, బురద ఆరిన ఖాళీ నేల వైపు చూస్తున్నాడు. కుడి పేజీలో ఒక్క వాక్యమే రాశాను: "తన ఇంటి గడప ఎక్కడుండేదో అడుగులు లెక్కపెడుతున్నాడా?" మిగతా రెండు వాక్యాల కోసం, అలా ఊరు మునిగిన పెద్దాయన ఒకరు నందికొట్కూరులో ఉన్నారంటే వచ్చే ఆదివారం వెళ్తున్నాను.