వ్యాపార నిర్ణయాలకు గణిత పద్ధతులు – 7వ పాఠం: అదనపు గంటకు ఎంత ఇవ్వవచ్చు?

గత పాఠంలో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్నదనుకొని, దాని ఒక రోజు ఉత్పత్తిని లీనియర్ ప్రోగ్రామింగ్ సమస్యగా (అంటే పరిమిత వనరులతో అత్యధిక మిగులు ఎలా వస్తుందో సరళ సమీకరణాలతో వెతికే లెక్కగా) రాసి, గ్రాఫు మీద సాధించాము. లెక్క సులువుగా ఉండేందుకు అంకెలన్నీ మనం అనుకున్నవే. తోతాపురి గుజ్జు ఒక బ్యాచికి యంత్రం 1 గంట, కూలీల పని 4 గంటలు పడుతుంది, 3,000 రూపాయలు మిగులుతుంది. ఆల్ఫాన్సో బ్యాచికి యంత్రం 1 గంట, పని 6 గంటలు పడుతుంది, 4,000 మిగులుతుంది. రోజుకు యంత్రం 20 గంటలు, పని 100 గంటలు అందుబాటులో ఉన్నాయి. ఆల్ఫాన్సో కాయ 14 బ్యాచీలకు మాత్రమే వస్తుంది. రెండు రకాలూ పదేసి బ్యాచీలు చేసినప్పుడు గరిష్ఠంగా 70,000 రూపాయలు మిగులుతాయని తేల్చాము.

చాలామంది విద్యార్థులు ఇక్కడితో లెక్క అయిపోయిందనుకుంటారు. యజమానికి అసలు అవసరం ఇక్కడే మొదలవుతుంది. జూన్, జూలై నెలల్లో కాయ ఒక్కసారిగా వచ్చి పడుతున్నప్పుడు ఆయన అడిగేది ఎన్ని బ్యాచీలు చేయాలన్నది ఒక్కటే కాదు. ఇంకో గంట యంత్రం నడిపితే, ఇంకో ఇద్దరు కూలీలను పిలిస్తే, ఇంకొంత కాయ కొంటే తనకు ఏమి మిగులుతుందని కూడా అడుగుతాడు. దీనికి జవాబు షాడో ప్రైస్, అంటే ఒక వనరు ఇంకొక్క యూనిట్ అందితే గరిష్ఠ మిగులు ఎంత పెరుగుతుందో చెప్పే విలువ.

యంత్రం గంటలను 21 చేసి మళ్ళీ సాధించండి. తోతాపురి 13, ఆల్ఫాన్సో 8 వస్తాయి, మిగులు 71,000. అంటే యంత్రం గంట విలువ 1,000 రూపాయలు. యంత్రాన్ని 20 దగ్గరే ఉంచి పని గంటలను 102 చేస్తే తోతాపురి 9, ఆల్ఫాన్సో 11 అవుతాయి. మిగులు ఈసారీ 71,000 కనుక ఒక్కో పని గంట విలువ 500. ఆల్ఫాన్సో కాయలో నాలుగు బ్యాచీలకు సరిపడేంత వాడకుండానే ఉన్నది కాబట్టి అదనపు కాయ విలువ సున్న.

ప్రతిసారీ మళ్ళీ సాధించనవసరం లేకుండా ఇవే విలువలు రెండు సమీకరణాల నుంచి వస్తాయి. యంత్రం గంట విలువ u, పని గంట విలువ v అనుకుందాం. ఒక బ్యాచి వాడుకునే గంటల విలువ ఆ బ్యాచి మిగులుకు సమానం కావాలి కనుక, తోతాపురికి u + 4v = 3,000, ఆల్ఫాన్సోకు u + 6v = 4,000. వీటి నుంచి v = 500, u = 1,000. వనరులన్నిటినీ ఈ ధరల్లో లెక్కకట్టండి: 20 × 1,000 + 100 × 500 = 70,000. గరిష్ఠ మిగులూ ఇదే కావడం కాకతాళీయం కాదు. దీనినే ద్వైత సిద్ధాంతం (డ్యుయాలిటీ) అంటారు. 1947లో ఇటువంటి సమస్యలను సాధించే సింప్లెక్స్ పద్ధతిని రూపొందించిన అమెరికన్ గణితవేత్త జార్జ్ డాంట్జిగ్‌కు ఈ సంబంధాన్ని అదే ఏడాది ప్రిన్స్టన్‌లో గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ వివరించాడు. అంతకు ముందే, 1939లో, లెనిన్‌గ్రాడ్ ప్లైవుడ్ పరిశ్రమ సమస్య నుంచి బయలుదేరిన సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్ షాడో ప్రైస్ వంటి గుణకాలనే ఉపయోగించాడు. ఆయనకు, అర్థశాస్త్రవేత్త కూప్‌మన్స్‌కు కలిపి 1975లో అర్థశాస్త్ర నోబెల్ లభించింది.

ఇక ఈ పాఠంలో నిదానంగా చదవవలసిన భాగం. పని గంట విలువ 500 అన్నంత మాత్రాన ఎన్ని గంటలకైనా 500 ఇవ్వవచ్చని కాదు. పని గంటలు 108కి చేరేసరికి ఆల్ఫాన్సో 14 బ్యాచీలై, ఆ కాయ అయిపోతుంది. యజమాని ఎనిమిదేసి గంటలకు ఇద్దరు కూలీలను పిలిస్తే మొదటివారి వల్ల 4,000 వస్తుంది, రెండవవారి వల్ల ఏమీ రాదు. అంతకంటే ముఖ్యంగా, అప్పటిదాకా సున్న విలువ ఉన్న ఆల్ఫాన్సో కాయకు ఆ క్షణం నుంచి బ్యాచికి 1,000 విలువ వస్తుంది, ఎందుకంటే ఒక తోతాపురి బ్యాచి మాని ఆల్ఫాన్సో చేస్తే అంత తేడా ఉంటుంది. కూలీలను పిలవాలా, కాయ కొనాలా అన్నవి విడివిడి ప్రశ్నలు కావని ఈ ఒక్క గణనతో స్పష్టమవుతుంది. ఎక్సెల్‌లో ఇటువంటి లెక్కలను సాధించే సాల్వర్ అనే సాధనం ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టులో షాడో ప్రైస్ పక్కనే ‘అలవబుల్ ఇంక్రీజ్’ అనే గడిలో పని గంటలకు 8 అని కనిపించేది ఈ హద్దే. ఆ గడి చూడకుండా షాడో ప్రైస్‌ను వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

మరొక జాగ్రత్త. మన లెక్కలో కూలి నెల జీతంగా వెళుతుంది కనుక బ్యాచి మిగులులోంచి దానిని తీసివేయలేదు. అందువల్ల అదనపు గంటకు మొత్తం మీద 500 దాకా ఇవ్వవచ్చు. కాయ ధరను మాత్రం ముందే తీసివేశాము. కాబట్టి కాయకు వచ్చిన 1,000 రూపాయలు మామూలు ధరకు పైన ఇవ్వదగిన మొత్తమే గాని, కాయ మొత్తం ధర కాదు. ఏ ఖర్చును ముందే తీసివేశారో తెలియకుండా షాడో ప్రైస్‌కు అర్థం చెప్పడం సాధ్యం కాదు.

వచ్చే పాఠానికి ముందు ఈ లెక్క చేసి ఉంచండి: తోతాపురి గుజ్జు ధర పడిపోయి బ్యాచి మిగులు 2,500కు తగ్గితే పదేసి బ్యాచీల ప్రణాళిక నిలుస్తుందా? నిలవకపోతే గ్రాఫు మీద అత్యధిక మిగులు ఇచ్చే కొత్త మూల (కార్నర్) ఏది, అక్కడ యంత్రం గంట విలువ ఎంత?