పాత బీఎండబ్ల్యూ 5 సిరీస్‌ను చలికాలపు బండిగా కొన్నవారికి: లక్షణం, కారణం, మరమ్మతు

మిషిగన్, ఇల్లినాయ్, మినసోటా వంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లలో చాలామంది కొత్త కారును ఉప్పు చల్లిన రోడ్ల మీదకు తీయడం ఇష్టంలేక, నవంబరు నుంచి మార్చి దాకా నడుపుకోవడానికి ఒక పాత లగ్జరీ సెడాన్‌ను చౌకగా కొంటుంటారు. అలా చేతులు మారే వాటిలో బీఎండబ్ల్యూ ఈ39 తరం 525ఐ, 530ఐ తరచుగా కనిపిస్తాయి. ఇక్కడ రాస్తున్నది 2001 నుంచి 2003 దాకా అమెరికాలో అమ్మిన, ఎం54 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉన్న మోడళ్ల గురించే. వీ8 ఇంజిన్ ఉన్న 540ఐలో టైమింగ్ చెయిన్‌కు ఆసరాగా ఉండే ప్లాస్టిక్ గైడ్లు విరిగితే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి కాబట్టి, చౌక బండి కోసం చూసేవారు దాని జోలికి పోకపోవడమే మేలు. జాకీ వేయడం, ఆయిల్ మార్చడం, ఓబీడీ స్కానర్ తగిలించి కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్ చదవడం మీకు వచ్చునన్న నమ్మకంతో ముందుకు వెళ్తున్నాను.

లక్షణం: హీటర్ నుంచి గోరువెచ్చని గాలే వస్తుంది, మైలేజీ పడిపోయింది

కారణం దాదాపు ఎప్పుడూ తెరుచుకుపోయి మూసుకోని థర్మోస్టాటే, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం రేడియేటర్‌కు వెళ్లే దారిని వేడిని బట్టి తెరిచి మూసే వాల్వ్. అయినా హీటర్ కోర్ మార్చాలని, బ్లోయర్ మార్చాలని డబ్బు పోసేవారే ఎక్కువ, ఎందుకంటే డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు నడిమధ్యనే నిలబడి ఉంటుంది. ఈ కారులో ఆ ముల్లు నిజం చెప్పదు. డ్రైవరు కంగారు పడకూడదని కంపెనీ దానిని ఎలా అమర్చిందంటే, కూలెంట్ సుమారు 75 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే ముల్లు మధ్యకు వచ్చి, వంద దాటినా అక్కడే ఉంటుంది. అసలు అంకె స్కానర్‌లో చూడాలి. స్కానర్ లేకపోతే మీటరు ప్యానెల్‌లోని రహస్య మెనూలో 7వ పరీక్ష కూడా అదే చూపిస్తుంది. దాని తాళం తీయడానికి చాసిస్ నంబరులోని చివరి అయిదు అంకెల మొత్తం కావాలి. హైవే మీద ఇరవై నిమిషాలు నడిపాక కూడా ఆ అంకె 90 దాటకపోతే థర్మోస్టాట్ పోయినట్టే. కూలెంట్ తగినంత వేడెక్కలేదని చెప్పే పీ0128 కోడ్ వచ్చేదాకా ఆగనక్కరలేదు.

మరమ్మతు కష్టం కాదు. థర్మోస్టాట్ ఇంజిన్ ముందు వైపునే ఉంటుంది. కొత్తది బిగించాక కారు ముక్కు కాస్త ఎత్తులో పెట్టి, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, హీటర్‌ను గరిష్ఠ వేడిమికి, ఫ్యాన్‌ను కనిష్ఠానికి తిప్పి, లోపలి గాలిని వదిలే బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు ఆగేదాకా కూలెంట్ పోయాలి. ఆ స్క్రూ ప్లాస్టిక్‌ది కాబట్టి బలం చూపించవద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

ఈ ఒక్క అంకె చూడకుండా వదిలేసినందుకే కింద చెప్పబోయే పెద్ద జబ్బు పదేపదే తిరగబెడుతుంది.

లక్షణం: చలి ఉదయాన స్టార్ట్ చేయగానే దట్టమైన నీలి పొగ, ఇంజిన్ కుదుపు, ఆయిల్ మాయం

సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ దరిదాపులకు చలి దిగిన ఉదయాన ఇది మొదలవుతుంది. యజమాని కంగారుగా మెకానిక్ దగ్గరకు తీసుకెళితే, ఆయిల్ మూత విప్పి లోపల పసుపుపచ్చని నురగ చూసి, ఆయిల్‌లో కూలెంట్ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని ఒకరు, పిస్టన్ రింగులు అరిగిపోయాయని మరొకరు తేల్చేస్తారు. ఆ రెండింటిలో దేనికైనా అయ్యే ఖర్చు కారు కొన్న ధరను మించిపోతుంది కాబట్టి, బాగుచేయగలిగిన కారు తుక్కు దుకాణానికి చేరుతుంది. అలా తీర్పు చెప్పించుకుని నా దగ్గరకు వచ్చిన కార్లలో చాలావాటిలో అసలు దోషి సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద కంటికి కనిపించకుండా దాగి ఉండే క్రాంక్‌కేస్ వెంట్ వాల్వ్. వాడుకలో దీన్ని సీసీవీ అంటారు.

ఇంజిన్ లోపల పుట్టే ఆవిరిని వాల్వ్ కవర్ నుంచి ఒక గొట్టం ఈ వాల్వ్‌కు తెస్తుంది. అక్కడ ఆవిరి సుడి తిరిగినప్పుడు ఆయిల్ విడిపోయి, కింది గొట్టం గుండా డిప్‌స్టిక్ ట్యూబు ద్వారా ఇంజిన్ అడుగుకు చేరుతుంది. మిగిలిన ఆవిరిని మానిఫోల్డ్ పీల్చుకుని కాల్చేస్తుంది. రోజూ పది నిమిషాల ప్రయాణం చేసి ఆపేసే కారులో, అందులోనూ థర్మోస్టాట్ తెరుచుకుపోయిన కారులో, ఆయిల్ వేడెక్కదు, అందులోని తేమ ఆవిరైపోదు. ఆయిల్, నీరు కలిసి, మజ్జిగ చిలికినప్పుడు తేలే వెన్నలాంటి ముద్ద తయారై సన్నటి గొట్టాలలో పేరుకుంటుంది. రాత్రి చలికి అది గడ్డకడితే ఆయిల్ కిందికి దిగే దారి మూసుకుపోతుంది, వాల్వ్ ఆయిల్‌తో నిండుతుంది, మానిఫోల్డ్ ఆవిరికి బదులు ఆ ఆయిల్‌నే పీల్చి సిలిండర్లలోకి పంపుతుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టి, ఎక్కువ ఆయిల్ చేరితే కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజిన్ పోతుంది. పొగ విరజిమ్మిన ఉదయాన వెంటనే ఇంజిన్ ఆపాలి తప్ప, సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకూడదు.

దీని టక్కు ఎక్కడుందంటే, మధ్యాహ్నానికి మంచు కరిగి కారు బుద్ధిగా నడుస్తుంది. టో చేయించి వెచ్చని షెడ్డులో ఒక రాత్రి ఉంచితే మర్నాడు ఏ లోపమూ దొరకదు. లోపం దొరకని మెకానిక్ మూత కింది నురగను సాక్ష్యంగా పట్టుకుంటాడు.

అందుకే ముందు ఉచితంగా చేయగల పరీక్షలు చేయండి. నురగ మూత కింద మాత్రమే ఉండి, డిప్‌స్టిక్ మీది ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం వారాల తరబడి తగ్గకపోతే అది గాస్కెట్ కాదు, తేమ. కూలెంట్ తగ్గుతున్నా, డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలలా మారినా గాస్కెట్‌ను అనుమానించవచ్చు. అప్పుడు కూడా కూలెంట్‌లో ఎగ్జాస్ట్ వాయువు ఉంటే నీలం నుంచి పసుపుకు మారే పరీక్ష ద్రవం తెచ్చి చూశాకే నమ్మండి. తర్వాత ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి నైట్రైల్ గ్లోవ్ పరచండి. గ్లోవ్ కొద్దిగా లోపలికి గుంటపడితే వాల్వ్ బాగున్నట్టు. పైకి ఉబ్బితే దారి మూసుకుపోయినట్టు. సర్రున లోపలికి లాగేసుకుంటే వాల్వ్‌లోని పొర చిరిగినట్టు. అలాంటప్పుడు పెట్రోలుకు మించి గాలి చేరుతోందని చెప్పే పీ0171, పీ0174 కోడ్‌లు కూడా తరచుగా తోడు వస్తాయి. అంకె కావాలనుకునేవారు నీళ్లు నింపిన యూ ఆకారపు గొట్టంతో కొలిస్తే 10 నుంచి 15 సెంటీమీటర్ల లాగుడు సరైనది.

వాల్వ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే పని సగమే అయినట్టు. నాలుగు గొట్టాలూ మార్చాలి, అవి కూడా చలి ప్రాంతాల కోసం ఫోమ్ తొడుగు వేసి బీఎండబ్ల్యూ అమ్మే రకానివే కొనాలి. పాత ప్లాస్టిక్ గొట్టాలు చలిలో ముట్టుకుంటే చాలు చిట్లి ముక్కలు మానిఫోల్డ్ కింద పడతాయి కాబట్టి ఈ పని వెచ్చని గరాజులోనే పెట్టుకోవాలి. డిప్‌స్టిక్ ట్యూబును తప్పనిసరిగా బయటికి తీయండి. అది ఒక గొట్టంలో మరో గొట్టం ఉన్న అమరిక. ఆయిల్ దిగేది ఆ రెంటి మధ్య సన్నని సందులోంచే, మొదట మూసుకుపోయేదీ అదే. పార్ట్స్ క్లీనర్ పోసి, సన్నని తీగతో గీకి, పై నాజిల్‌లో పోసిన ద్రవం కింది నుంచి ధారగా పడేదాకా శుభ్రం చేయాలి. ట్యూబు తిరిగి పెట్టేముందు ఇంజిన్ బ్లాకు రంధ్రంలోకి లైటు వేసి చూడండి, ఎందుకంటే పాత రబ్బరు రింగు చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. దాని మీదే కొత్తది నొక్కితే గాలి లీకై, కొత్త కోడ్‌లు వస్తాయి. సామాను ధర కంటే కూలీ ఎక్కువయ్యే పని ఇది. ఓపిక ఉన్నవారు ఒక శనివారం పూర్తిగా కేటాయించుకుంటే మానిఫోల్డ్ దించకుండానే ముగించవచ్చు. ఆ తర్వాత వారానికి ఒకసారైనా హైవే మీద అరగంటకు తక్కువ కాకుండా నడపాలి.

రింగులు, వాల్వ్ సీళ్లు నిజంగా అరిగిన కార్లూ ఉంటాయి గానీ, అవి చలీ ఎండా చూడకుండా పొగ వదులుతాయి.

లక్షణం: రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతుంది

బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. ముందు దాని వయసు చూడండి. బ్యాటరీ కొత్తదే అయినా, హీటర్ ఫ్యాన్ తనంతట తాను హెచ్చుతగ్గులవుతుంటే, బ్లోయర్ వేగాన్ని నియంత్రించే ఫైనల్ స్టేజ్ యూనిట్ పోయింది, అదే రాత్రంతా కరెంటు తాగుతోంది. దాన్ని మార్చి, తలుపులు లాక్ చేసి, అరగంట తర్వాత కొలిస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి.

లక్షణం: వెనుక చక్రాలు జారుతున్నాయి

కారు జారకుండా అదుపు చేసే డీఎస్‌సీ మాడ్యూల్ జోలికి పోయేముందు టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనుక చక్రాలతో నడిచే ఈ కారుకు నాలుగూ వింటర్ టైర్లే వేయాలి. ఎలాగూ కారు పైకి లేపుతారు కాబట్టి, పెట్రోలు ట్యాంకు మీదుగా వెనక్కి వెళ్లే బ్రేకు పైపులను కూడా లైటు వేసి చూడండి. ఉప్పుకు పైపు మీద పొక్కులు లేచి ఉంటే, పైన చెప్పిన పనులన్నీ పక్కనపెట్టి ముందు వాటిని మార్చండి.