బోటులో జీపీఎస్, బ్యాటరీ నిలవట్లేదా? ముందు వెనకున్న పలక చూడండి

ఒడిశా గంజాం తీరంలో గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా మన ఫైబర్ బోట్లు చాలామటుకు జెట్టీ ఎరగవు. ఇసక మీంచి తోస్తాం, ఇసక మీదికే లాగుతాం. మధ్యలో కెరటాల వరస. అక్కడ బోటు ఒకసారి లేచి దబ్బున పడిందంటే దానిలో బిగించిన ప్రతి వస్తువూ ఆ దెబ్బ తింటుంది. బరంపురంలో నా బల్ల మీదికి రిపేరుకొచ్చే జీపీఎస్‌లు, ఫిష్ ఫైండర్లు, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లలో చాలావాటికి లోపల ఏ జబ్బూ ఉండదు. కరెంటిస్తే చక్కగా వెలుగుతాయి. బోటు దగ్గరికెళ్ళి చూస్తే మాత్రం వాటిని పట్టుకున్న పలక కదులుతూ ఉంటుంది.

తేలిక సరుకు కావాలని అడగడం తప్పు కాదు. తోసేవాళ్ళ భుజాలకు తెలుసు బరువేంటో. కాకపోతే బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అన్న దగ్గరే మనవాళ్ళు పొరపడుతున్నారు. సరంగులు (బోటు నడిపేవాళ్ళు) నా దగ్గరకొచ్చి చెప్పే మాటల్లోనే ఒక్కో సమస్య చెప్తాను.

"కెరటం దాటగానే సెట్టు ఆరిపోతోంది, తనంతట తనే వెలుగుతోంది"

సెట్టు విప్పకండి. బోటు ఇసక మీద ఉండగానే సెట్టు వెలిగించి, దాన్ని బిగించిన పలక మీద అరచేత్తో గట్టిగా తట్టండి. స్క్రీను ఆరితే దోషం బిగింపులోనో వైరు మూతిలోనో ఉంది. తర్వాత ఒక స్క్రూ విప్పి రంధ్రం చూడండి. గుండ్రంగా ఉంటే సరే. కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే ఆ పలక ఎన్నాళ్ళ నుంచో ఊగుతోందని అర్థం. పలక ఊగిన ప్రతిసారీ వెనక ప్లగ్గు కొంచెం కొంచెం బయటికి జరుగుతుంది, లోపలి పిన్ను ఉప్పు పట్టి నల్లబడుతుంది.

సాధారణంగా కారణం పలుచన పలక. దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటు తేలిక, తళతళలాడుతుంది, కోయడం సులువు. అయితే అది రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ మాత్రమే. స్క్రూ పళ్ళు పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. కోసిన అంచుల్లోంచి ఉప్పునీరు దిగితే రేకు పొరలుగా విడిపోతుంది కూడా.

షీటు పారేయక్కర్లేదు. సెట్టు బ్రాకెట్ వెనకాల అరచేయంత 12 మిల్లీల మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్) ముక్క పెట్టి, స్క్రూలు తీసేసి, ఆరపార బోల్టులు వేసి, పెద్ద వాషర్లూ నైలాన్ లాక్ నట్లూ బిగించండి. పిన్నులు శుభ్రం చేసి, వైరును ప్లగ్గుకి జానెడు దూరంలో క్లిప్పుతో పట్టించండి, బరువు ప్లగ్గు మీద పడకుండా. చిన్న స్విచ్ ప్యానెల్‌కయితే హైలం షీటు (రెజిన్ పట్టించిన గట్టి పలక) బాగుంటుంది. కోసిన అంచుకి రెజిన్ పూయడం మరవొద్దు.

గంజాం తీరంలో ఈ పని వాయిదా వేసేది కాదు. రుషికుల్య నది మూతి దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. గీతకి ఇవతలున్నామో అవతలున్నామో చెప్పాల్సింది జీపీఎస్ డబ్బాయే. సరిగ్గా అక్కడే ఆరిపోతే పెట్రోలింగ్ వాళ్ళకి మనం చెప్పే సంజాయిషీ ఎవరు నమ్ముతారు?

"బ్యాటరీ ట్రే ఊడొచ్చేసింది"

ఇది నా సొంత గుణపాఠం. సోనాపూర్‌లో మా బావమరిది బోటుకి ట్రే కొత్తగా చేయాల్సొస్తే తెల్ల ఫోమ్ బోర్డు నేనే కొనిపించాను. వంటింటి అల్మరాలకి వాడేదే, 18 మిల్లీలు. నీరు తాగదు, చెదలు పట్టదు, చెక్కకన్నా తేలిక. ఇంకేం కావాలి అనుకున్నాను. అడుగున ప్లై దిమ్మ అతికించి ఉంది, దానికి ఫోమ్ బోర్డు ట్రేని స్టీలు స్క్రూలతో పట్టించి, పైన సైకిల్ ట్యూబుతో బ్యాటరీని బిగించాం. మూడో వారం పొద్దున్న ఫోను. "బావా, నీ తెల్ల బల్ల నిక్షేపంగా ఉంది. బ్యాటరీయే దాని మీద లేదు."

వెళ్ళి చూశాను. స్క్రూలు దిమ్మలోనే నిలబడి ఉన్నాయి, వాటి పళ్ళ నిండా తెల్లటి పిండి. ట్రే వాటి మీంచి లేచిపోయింది. బ్యాటరీ పక్కకి పడి ప్లస్ టెర్మినల్ లంగరు గొలుసుని తాకింది. ఒక వైరు తొడుగు మొత్తం కాలిపోయింది. పెట్రోలు డబ్బా రెండు మూరల దూరంలో ఉంది. ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఇంటికొచ్చాక లెక్క వేశాను, ముందే వేయాల్సిన లెక్క. 18 మిల్లీల మెరైన్ ప్లై చదరపు అడుగు దాదాపు 1.1 కిలో. అదే మందం ఫోమ్ బోర్డు 0.9 దగ్గర. ట్రేకి చదరపు అడుగున్నర చాలు. అంటే నేను మిగిల్చింది 300 గ్రాములు, రెండు కానాగంతల బరువు! ఆ ట్రే మోయాల్సిన 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీ 30 కిలోలకి అటూ ఇటూ. బోటు కెరటం మీంచి జారి పడే క్షణాన అది రెండు మూడింతల బరువుతో బిగింపుని గుంజుతుంది.

బ్యాటరీ కింద చేయాల్సిన పని ఇది. బోటు అడుగుకి రంధ్రం పెట్టకండి. ముందు చోటు చూసుకోండి. అమరం (బోటు వెనక కొస) దగ్గర మోటారు బరువు ఎలాగూ ఉంది, బ్యాటరీ కూడా అక్కడే పెడితే అణియం (ముందు కొస) లేచిపోయి కెరటానికి ఎదురు నిలవదు. నడిమికి దగ్గరగా, రెండు అడ్డబద్దల మధ్య పెట్టండి, అడుగున నిలిచే నీటికి పైన. అక్కడ పెయింటు, జెల్‌కోటు (బోటు పైపొర రెజిన్) గ్రైండర్‌తో గీకి, లోపలి గాజు నార కనబడేదాకా రండి. పైపైన సాండ్ పేపర్ రుద్దితే అతుకు పెయింటుకి పడుతుంది, బోటుకి పడదు. ఎసిటోన్‌తో తుడిచి, 18 మిల్లీల మెరైన్ ప్లై దిమ్మ అంచులు ఏటవాలుగా చెక్కి, అన్ని వైపులా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే రెజిన్ జిగురు) తాగించి, ఎపాక్సీ ముద్దతో అతికించండి. దాని మీంచి బోటు అడుగు దాకా నాలుగేళ్ళ వెడల్పున గాజు నార గుడ్డ రెండు పొరలు వేయండి, ఆ పొరలకీ ఎపాక్సీయే. మన ఫైబర్ బోట్లు చేసేది పాలిస్టర్ రెజిన్‌తో, దాని మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ అంతగా పట్టుకోదు.

ఈ పని చాలామంది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగినప్పుడు పెట్టుకుంటారు. ఆ ఎండలో కలిపిన రెజిన్ డబ్బాలోనే వేడెక్కి గడ్డకడుతుంది. పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలపండి. మిగతా బోటు పనికి పాలిస్టర్ వాడేవాళ్ళకి ఒక మాట: రెజిన్ గట్టిపడేందుకు కలిపే క్యాటలిస్టుని, యాక్సిలరేటర్‌ని నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయొద్దు, పేలిపోతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది.

దిమ్మ మీద ట్రే దేనితో? నాకు నచ్చేది నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, 12 మిల్లీలది. చదరపు అడుగు కిలో ఉంటుంది, నీళ్ళలో తేలుతుంది, యాసిడ్ పడినా ఏమీ కాదు, నలుపు ఎండకి ఓర్చుకుంటుంది. చేపల క్రేట్ల ప్లాస్టిక్ కూడా ఆ జాతే. దాని గుణం ఒకటే గుర్తుంచుకోవాలి: ఏ జిగురూ దానికి అంటదు. "ఎపాక్సీతో అతికించాను, నెలకే ఊడింది" అని వచ్చేవాళ్ళందరి తప్పూ ఇదే. దాన్ని బోల్టులతోనే పట్టించాలి, రంధ్రం బోల్టుకన్నా ఒక మిల్లీ పెద్దది పెట్టాలి, ఎండకి షీటు సాగుతుంది కాబట్టి. దిమ్మ అతికించకముందే బోల్టులు దాని కిందనుంచి పైకి ఎక్కించి ఉంచితే తర్వాత ట్రే దించి నట్టు బిగిస్తే చాలు.

సైకిల్ ట్యూబు మానేయండి. సాగేది పట్టు కాదు. లారీవాళ్ళ పాలిస్టర్ బెల్టు మంచిది, బకిల్ మాత్రం స్టెయిన్‌లెస్‌ది చూసుకోండి. బిగించాక రెండు చేతులతో బ్యాటరీని పట్టుకుని గట్టిగా లాగండి. ఎటు లాగినా అంగుళం మించి కదలకూడదు. టెర్మినళ్ళకి రబ్బరు టోపీలు పెట్టండి. లెడ్ బ్యాటరీని గాలాడని పెట్టెలో బిగించొద్దు, ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

కొందరు కుదుపు తగ్గుతుందని బ్యాటరీ కింద థర్మోకోల్ పెడుతున్నారు. పెట్రోలు చుక్క పడితే అది కరిగిపోతుంది. పాలిస్టర్ రెజిన్ తగిలినా అంతే. చోటుండి తేలుడు కోసం ఏదైనా నింపాలనుకుంటే పీయూ (పాలీయూరెథేన్) ఫోమ్ వాడండి.

ఫోమ్ బోర్డు పనికిరానిదని నేననను. చార్టులు, ఫోన్లు పెట్టుకునే చిన్న అరకి, ఆరపార బోల్టులతో, నీడలో అయితే బాగానే ఉంటుంది.

"స్క్రూ తిరుగుతూనే ఉంది, బిగియట్లేదు"

ప్లై కుళ్ళింది. రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కుమంటుంది, మెత్తబడిన చోట చప్పుడు చచ్చిపోతుంది. మెత్తదనం స్క్రూ చుట్టూ అంగుళం మేరే ఉంటే బతికించొచ్చు: రంధ్రాన్ని రెండింతలు పెద్దది చేసి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో కొత్త రంధ్రం తొలచాలి. అప్పుడు స్క్రూ చెక్కని తాకదు, నీరూ తాకదు. అంతకన్నా పాకితే కోసి తీసేయడమే.

కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర చూడండి. ఆ రకం ప్లై జిగురు 72 గంటలు మరిగే నీళ్ళకి నిలబడాలి. 303 ముద్రది ఇంటి సామానుకి. ముద్ర మీద నమ్మకం లేకపోతే నేను చేసేది చెప్తాను: అగ్గిపెట్టంత ముక్క అడిగి తెచ్చుకుని గిన్నెలో సగం రోజు మరిగిస్తాను. పొరలు నోరు తెరిస్తే ఆ షాపుకి మళ్ళీ వెళ్ళను. మా ఇంటావిడ ఆ గిన్నె వేరే పెట్టేసింది.

"అల్యూమినియం పట్టీ మీద తెల్ల పొడి"

వేలితో రాస్తే సుద్దలా వస్తుంది. స్క్రూ తలచుట్టూ ఎక్కువ, దూరంగా అసలుండదు. స్టీలు స్క్రూ, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీరు: మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ లెక్క, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. స్క్రూ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, దాని చుట్టూ పట్టీ తినుకుపోతుంది.

పొడి గీకి కడిగి ఆరబెట్టి, నైలాన్ బుష్షూ వాషర్లూ వేసి స్టీలు ఎక్కడా అల్యూమినియాన్ని తాకకుండా బిగించండి. కొత్తగా కొంటే 5052 లేదా 5083 రకం (ఉప్పునీటికి ఓర్చే అల్యూమినియం) అడగండి. మూడు మిల్లీల రేకు చదరపు అడుగు ముప్పావు కిలో, గట్టిదనంతో పోలిస్తే ఇంత తేలికది మన బజార్లో దొరకడం కష్టం. పైకప్పు బ్రాకెట్లకి ఇదే వాడతాను. లెడ్ బ్యాటరీ కింద మాత్రం వద్దు, యాసిడ్ చుక్క దాన్ని తినేస్తుంది. బోల్టులకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా 316 మేలు, ఖరీదు తేడా చాయ్ డబ్బులే.

"జీపీఎస్ ఎంతకీ పొజిషన్ చూపట్లేదు"

యాంటెనా మీద ఏముందో చూడండి. ఫైబర్ కప్పు కింద పనిచేస్తుంది, అల్యూమినియం రేకు కింద చేయదు. కార్బన్ ఫైబర్ కూడా సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. లోహపు పొడి కలిపిన వెండి పెయింటూ అనుమానించాల్సిందే. యాంటెనాని కప్పు పైకి మార్చండి, వీహెచ్‌ఎఫ్ కొమ్ముకి కనీసం మీటరు ఎడంగా. దిక్సూచి తప్పుతుంటే పక్కన స్పీకరుందేమో, ఇనుప బ్రాకెట్ ఉందేమో చూసి జరపండి.

"మాట్లాడే బటన్ నొక్కితే సెట్టు చచ్చిపోతోంది"

దీనికి పలకతో సంబంధం లేదు, కానీ పలక మార్చినప్పుడే ఈ జబ్బు తెస్తారు. బ్యాటరీని నడిమికి జరిపి, పాత సన్న వైరునే అతుకులేసి పొడిగిస్తారు. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ మాట్లాడేటప్పుడు అయిదారు ఆంపియర్లు లాగుతుంది. పోనూ రానూ పది మీటర్ల 1.5 చదరపు ఎంఎం వైరులో 0.7 వోల్టు దారిలోనే పోతుంది. 4 ఎంఎం అయితే 0.3 దగ్గర. తేలిక కోసం రాగి తగ్గించొద్దు.

"లిథియం పెట్టాక బోటు నడక మారింది"

నిజమే, మారుతుంది. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 11 నుంచి 13 కిలోలే. ఒక్క దెబ్బకి పదిహేడు పద్దెనిమిది కిలోలు పోయాయి. బోటు తేలికవ్వాలంటే డబ్బు పెట్టాల్సింది ఇక్కడ, ట్రేలో 300 గ్రాముల దగ్గర కాదు. కొత్త దాన్ని పాత చోటే పెట్టక, తాళ్ళు, ఐసు పెట్టె ఎక్కించి నీళ్ళలో నిలబెట్టి చూసి చోటు ఖాయం చేయండి. అప్పటిదాకా బెల్టుతో తాత్కాలికంగా కట్టండి.

పాత ట్రేలో ఇది లూజవుతుంది, పరిమాణం చిన్నది. సందులో గుడ్డలు కుక్కడం చూశాను. హెచ్‌డీపీఈ ముక్కలు కోసి నాలుగు వైపులా బోల్టు చేయండి. మోటారు నుంచి ఛార్జింగ్ తీసుకుంటుంటే, ఇంజిన్ పెంచి మీటరు పెట్టి చూడండి. 14.6 వోల్టులు దాటితే మధ్యలో సరైన రెగ్యులేటర్ లేకుండా కలపొద్దు. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున కట్ చేసేస్తే సెట్లన్నీ ఒకేసారి ఆరిపోతాయి. ఇక షార్ట్ అయితే లిథియం ఇచ్చే కరెంటు వైరుని క్షణాల్లో ఎర్రగా కాలుస్తుంది. అందుకే ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపలే ఫ్యూజు ఉండాలి. మా బావమరిది బోటుకి ఆ రోజు అదీ లేదు, టెర్మినల్‌కి రబ్బరు టోపీ కూడా లేదు.