యూవీ పెట్టినా చేపల ట్యాంక్ నీళ్లు పచ్చగానే ఉన్నాయా? ముందు ఇవి చూడండి

యూవీ అంటే అతినీలలోహిత కిరణాల బల్బు ఉన్న పరికరం, ట్యాంక్ నీళ్లు దాని గుండా పారేలా పెడతారు. కొత్తది కొనే ముందు ఒక చిన్న టెస్ట్ చేయండి. ట్యాంక్ నీళ్లు గాజు గ్లాసులో తీసి వెనకాల తెల్ల కాగితం పెట్టి చూడండి. గ్లాసులో నీళ్లే పచ్చగా ఉంటే అది నీళ్లలో తేలే ఆల్గే, అంటే సన్నటి నాచు, దానికి యూవీ బాగా పనిచేస్తది. గ్లాసులో క్లియర్‌గా ఉండి ట్యాంక్ మాత్రం పచ్చగా కనిపిస్తే నాచు అద్దానికి, రాళ్లకి పట్టిందన్నమాట. దాన్ని యూవీ ఏం చేయలేదు, ఎందుకంటే బల్బు పక్క నుంచి పారే నీళ్లలో ఉన్నదాన్నే అది చంపుతది. ఈ ఒక్క విషయం తెలియకనే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సమస్య: నీళ్లు పచ్చగా ఉన్నాయి, యూవీ వారం నుంచి నడుస్తోంది, తేడా లేదు

మొదటి అనుమానం బల్బు మీదే. నీలంగా వెలుగుతోంది కదా అనుకోవద్దు. ఆల్గేని చంపేది 254 నానోమీటర్ల దగ్గర ఉండే కిరణం, అది కంటికి కనపడదు, అది తగ్గిపోయినా నీలం వెలుగు అలాగే ఉంటది. మామూలు బల్బులు 8000 గంటల దాకా సరిగ్గా పనిచేస్తాయి, అంటే రోజంతా నడిపితే దాదాపు 11 నెలలు. బల్బు మార్చిన తేదీ టేప్ మీద రాసి అంటించండి.

రెండోది క్వార్ట్జ్ గొట్టం, అంటే బల్బుకి నీళ్లు తగలకుండా చుట్టూ ఉండే గాజులాంటి గొట్టం. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల మంజీరా, కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి, బోరు నీళ్లలో హార్డ్‌నెస్ ఎక్కువ కాబట్టి గొట్టం మీద తెల్లటి సున్నం పొర కట్టేసి కిరణాలు నీళ్లలోకి రాకుండా అడ్డుపడతది. ప్లగ్ తీసేసి, గొట్టం విప్పి, వెనిగర్‌లో గానీ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గానీ అరగంట నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి, బాగా కడిగాకే తిరిగి బిగించండి. బల్బుని మాత్రం వట్టి చేతులతో పట్టుకోవద్దు.

మూడోది పంపు స్పీడు. నీళ్లు మరీ వేగంగా పోతే కిరణం తగిలే టైమే ఉండదు, డబ్బా మీద ఆల్గేకి ఎంత ఫ్లో రాశారో చూసుకుని తగ్గించండి. మరీ తగ్గించినా ట్యాంక్‌లో నీళ్లన్నీ యూవీ దాకా రావడానికి చాలా టైం పడతది. స్పాంజ్ ఫిల్టర్ తర్వాతే యూవీ ఉండాలి, చెత్త నీళ్లలో కిరణం దూరం పోదు.

సమస్య: నీళ్లు క్లియర్ అవుతున్నాయి కానీ చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

చచ్చిన ఆల్గే కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తినేస్తది, దానికి తోడు మే నెలలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ ఇంకా తక్కువ. ఎయిర్ పంప్ వెంటనే ఆన్ చేసి, నాలుగో వంతు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లైతే యాంటీ క్లోరిన్ తప్పకుండా కలపాలి. స్పాంజ్‌ని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి, నల్లా కింద కడిగితే మంచి బ్యాక్టీరియా పోతది.

సమస్య: యూవీ ఆపగానే మళ్లీ పచ్చబడుతోంది

తిండి, వెలుగు, ఈ రెండే కారణం. కిటికీ ఎండ ట్యాంక్ మీద నేరుగా పడకుండా పరదా వేయండి, లైట్‌కి టైమర్ ప్లగ్ పెట్టి రోజుకి 6 నుంచి 8 గంటలు దాటనివ్వద్దు, రెండు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. యూవీ ఉన్నది ఆల్గేని తీసేయడానికే, దానికి మేత అవుతున్న నైట్రేట్‌ని నీళ్లు మార్చే తగ్గించాలి.

గోధుమ రంగు పొర కొత్త ట్యాంక్‌లో మామూలే, తుడిచేస్తే కొన్ని వారాలకి తగ్గుతది. వాసనొచ్చే నీలిపచ్చ జిగట పొర వస్తే సైఫన్‌తో లాగేసి మూడు రోజులు లైట్ లేకుండా పూర్తిగా గుడ్డ కప్పి ఉంచండి, లోపల ఎయిర్ పంప్ మాత్రం నడుస్తూనే ఉండాలి.

ఇంకోటి, చాలా ముఖ్యం: కవర్ లేని యూవీ బల్బు నేరుగా ట్యాంక్‌లో వేలాడదీయకండి, చేపలకీ మన కళ్లకీ ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో అయితే అసలే వద్దు. చేపలకి మందు వేసినప్పుడు యూవీ ఆపేయండి, కొన్ని మందులు ఆ కిరణాలకి విరిగిపోయి పనిచేయవు. కోర్సు అయ్యి నీళ్లు మార్చాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.